అయ్యవారు దాచిన తెరచాప

మా వీధి అయ్యవారు పోయారని హిందూపురం బస్టాండులో మా ఊరి కండక్టరు చెప్పాడు. చీరల మూట ఇంకా భుజానే ఉంది. అమ్మబుద్ధి కాలేదు, అదే బస్సెక్కి ధర్మవరం వచ్చేశాను.

ఆయన హైస్కూల్లో చరిత్ర చెప్పేవారు. ప్రాణమంతా చెరువుల మీద సరుకులు మోసిన తెరచాప పడవల మీదే. రోడ్డు పడకముందు మా చెరువు ఆవలి గట్టు పల్లెల నుంచి వడ్లూ బెల్లమూ పడవల్లోనే వచ్చేవనేవారు. సెలవొస్తే పెనుకొండ, లేపాక్షి తిరిగి ముసలివాళ్లను కూర్చోబెట్టి అడిగేవారు. మన జనం ఊరుకుంటారా? తాగను నీళ్లు లేని సీమలో పడవలేందని ముఖం మీదే నవ్వేవారు. నాకు ఒళ్లు మండేది. ఆయన మాత్రం పైపంచె సర్దుకుని, ఒక్క సాక్ష్యం దొరకనీ అనేవారు.

వీధి చివర ఒక అవ్వ ఉంది. ఆమె మొగుడు ఆఖరి పడవ నడిపినవాడు. వయసులోనే పడవతో సహా చెరువులో మునిగాడు, శవం దొరకలేదు. పడవవాళ్లలో ఒక కట్టుబాటు ఉండేది: మునిగిన పడవ తెరచాపను కళ్లారా చూసేదాకా భార్య ముత్తైదువే. అవ్వ జుట్టు ముగ్గుబుట్టయినా గాజులూ బొట్టూ తీయలేదు. పూటపూటా మొగుడికి కంచం పెట్టేది. ఊరివాళ్లు పిచ్చిదని కొట్టిపారేసేవారు.

పంతొమ్మిది వందల అరవైల మొదట్లో ఒక కరువేడు చెరువు అడుగంటా ఎండింది. మునిగిన పడవ కోసం నెర్రెలిచ్చిన మట్టిని అయ్యవారు మధ్యాహ్నాల్లో తవ్వేవారు. ఒకనాడు నన్ను ఇంటికి పిలిచారు. వెనక గదిలో దూలానికి ముతక గుడ్డ వేలాడుతోంది, కొసలకు తాళ్లు. మట్టిలో దొరికిన ఆ పడవ తెరచాప. నేను మగ్గం మనిషిని గదా, ఈడ నేసిందేనా చూడమన్నారు. మా తాతల నాటి నేతే. అంచులో ఎర్ర పోగు. కానీ గుడ్డ తడిగా ఉంది. అంత ఎండల్లోనూ కొసల నుంచి నీళ్లు కారుతున్నాయి. తర్వాత ఎప్పుడు వెళ్లినా అంతే, ఆరలేదు.

అందరికీ చూపిద్దామన్నాను. ఆయన ముఖంలో సంబరం కాసేపటికే వాడిపోయింది.

"చూపిస్తే ఆ యమ్మ బొట్టు తుడుచుకోవాల గదప్పా. చరిత్ర పోయినోళ్లది. ఆ యమ్మ మొగుడు ఇంకా పోలేదు."

గదికి తాళం వేశారు, నాకు తప్ప ఎవరికీ తీసేవారు కాదు. ఊరు అబద్ధాలకోరని నవ్వుతూనే ఉంది, ఆయన పడుతూనే బతికారు. అట్లాంటి మనిషి మా వీధిలో మళ్లీ పుట్టడు.

నేను చేరేసరికి పాడె కట్టి ఉంచారు. అవ్వ వచ్చింది. ఇంట్లోకి రాలేదు. వీధిలోనే గోడవైపు తిరిగి నిలబడి నన్ను పిలిచింది.

"ఆ తెరచాప ఈయప్ప మీద కప్పు నాయనా. నేను తిరిగి చూడను."

నీకెట్లా తెలుసవ్వా అన్నాను. ఇన్నేండ్లుగా ఆ తడి వాసన వీధంతా వస్తుంటే తనకు తెలియదా అంది.

గది తాళం తీసి, తెచ్చి కప్పాం. ఆయనకు దొరికిన ఒకే ఒక్క సాక్ష్యం ఆయనతోనే పోతోంది. పాడె ఎత్తాం. ఎక్కడా ఆకు కదలడం లేదు. తెరచాప మాత్రం ఒక్కసారిగా నిండుగా ఉబ్బింది. మోసేవాళ్లం కాళ్లు తన్నిపెట్టినా ఆగలేకపోయాం. శ్మశానం దారి విడిచి అది మమ్మల్ని చెరువు వైపు లాక్కుపోతోంది. వెనక్కి చూశాను. అవ్వ గోడవైపే తిరిగి, కొప్పులో పూలు సర్దుకుంటోంది.