కిరుమాంబాక్కం ఖాళీ కుండలు

నేను పుదుచ్చేరికి బయలుదేరింది సముద్రం చూడడానికి కాదు, ఒక దొరతో పోట్లాడడానికి.

మా నెల్లూరు పఠన మందిరానికి వచ్చిన పత్రికలో అక్కడి ఫ్రెంచి ఉద్యోగి ఒకాయన రాసిన వ్యాసం చదివాను. పుదుచ్చేరి పక్కనున్న కిరుమాంబాక్కం ఊళ్ళో ఒక పొలంలో ఆయన తవ్వించిన పాతకాలపు కుండలన్నీ ఖాళీగా ఉన్నాయట. కాబట్టి ఈ తీరంలోని ఆదిమానవులు వేటాడి, దుంపలు తవ్వుకు తిన్నవాళ్ళే తప్ప గింజ నాటడం ఎరగరట. సేద్యం ఎవరో బయటివాళ్ళు వచ్చి నేర్పారట. మనిషి ఏరుకు తినడం మాని విత్తనం దాచుకోవడం ఎప్పుడు మొదలుపెట్టాడా అన్నది నాకు చాలాకాలంగా పిచ్చి. ఖాళీ కుండను చూసి అంత మాట అనేస్తారా అని ఒళ్ళు మండింది.

మద్రాసులో పొద్దున బండెక్కి, విల్లుపురంలో మారి, దీపాలు పెట్టే వేళకు పుదుచ్చేరి చేరాను. విల్లుపురంలో ఇడ్లీ బాగుంటుంది, కాఫీ జోలికి పోవద్దు. పుదుచ్చేరి స్టేషను బయట పుష్‌పుష్ బళ్ళుంటాయి. మనం కూర్చుంటే వెనకనుంచి మనిషి తోస్తాడు. నాకు మనసొప్పక సత్రం దాకా నడిచే పోయాను.

మర్నాడు తెల్లవాళ్ళ వీధిలో దొర ఇంటికి వెళ్ళాను. ఓడలో పంపడానికి గడ్డిలో సర్దుతున్న కుండలు చూపించాడు. లోపల నున్నగా మెరుస్తున్నాయి.

"ఇంత శుభ్రంగా దొరికాయా?" అని ఇంగ్లీషులో అడిగాను.

"నా ఇంటికి ఇలాగే వచ్చాయి" అన్నాడు.

తవ్వేటప్పుడు తమరు అక్కడ లేరా అంటే, ఎండ ఎక్కువని చెప్పాడు.

అక్కడినుంచి కడలూరు రోడ్డున ఎద్దుబండిలో కిరుమాంబాక్కం వెళ్ళాను. "మట్టి కుండలకని ఊరంతా తవ్వినాం సామీ. బంగారం ఉండాదేమో అనుకున్నాం" అన్నాడు ఆ ఊరివాడే అయిన బండివాడు. ఆ పొలం తరతరాలుగా అక్కడే ఉంటున్న తెలుగు రెడ్లది. ఇంటి పెద్ద రంగమ్మవ్వ మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టింది.

"ఆ కుండలు ఎవరు కడిగారవ్వా?"

"నేనే తోమించినా. దొరింటికి పొయ్యే కుండలు గదా, మట్టితో పంపిస్తే మర్యాదా నాయనా? చింతపండు, బూడిద ఏసి తోమించినా."

"లోపల ఏముండింది?"

"ఏముంటాది? మాడిపోయిన వొడ్లు. కోళ్ళు గూడా ముట్టలా."

నేను తల పట్టుకున్నాను. ఆమె మీద కోపగించుకోలేను. ఇంకొకరింటికి పంపే పాత్రను మా అమ్మ కూడా కడగకుండా పంపదు. దొర రాసిన సంగతి చెబితే అవ్వ ముఖం ఎర్రబడింది.

"మా ముందటోళ్ళకు సేద్యం తెలీదనినాడా? ఏటేటా వొడ్లు చల్లే నాడు మొదటి పిడికెడు ఆ కుండలు దొరికిన దిబ్బకే ఏస్తాం, వాళ్ళకని. గింజ తెలీనోళ్ళకు గింజ పెడతామా? నన్ను ఒక మాట అడిగినాడా ఆయన?"

అంచు పగిలిన కుండ ఒకటి పశువుల కొట్టంలో మిగిలి ఉంది. పగిలినది ఒకరికివ్వకూడదని దాన్ని పంపలేదట. లోపల గట్టిపడిన మట్టిలో నల్లని వడ్లు. అవ్వ చింతపండు కోసం లేచింది. నేను అడ్డం నిలబడ్డాను.

సిగ్గుపడుతూనే ఇచ్చింది. "దొరకు చూపించు నాయనా. రాసింది మార్చి రాయమను."

మళ్ళీ తెల్లవాళ్ళ వీధికి తీసుకెళ్తే, దొర కుండ లోపలికైనా తొంగి చూడలేదు. "పెట్టెలకు మేకులు కొట్టేశాం. ఇది ఆ పొలంలోదేనని ఎలా నమ్మను? తవ్వేటప్పుడు నేను లేను కదా" అన్నాడు. ఆ లేనివాడు వ్యాసం ఎలా రాశాడో మాత్రం చెప్పలేదు. ఇలాంటివాళ్ళ చేతుల్లోనా మన పుట్టుపూర్వోత్తరాలు!

మద్రాసులో ఈ సంగతులు తెలిసినవాళ్ళకు చూపిద్దామని కుండను ఒళ్ళో పెట్టుకుని తిరుగుబండి ఎక్కాను. ఫ్రెంచివాళ్ళ ఎల్ల దాటగానే ఇంగ్లీషువారి సుంకం జవాను అందరినీ దింపాడు. బ్రాందీ, పట్టు దాటిస్తారని వాళ్ళ అనుమానం. నేను వద్దు వద్దంటుండగానే కుండ బోర్లించి, బెత్తంతో లోపలంతా గీకాడు. ప్లాట్‌ఫారమంతా మట్టి. ఇంజను బొగ్గుపొడిలో మోకాళ్ళ మీద కూర్చుని, దొరికినన్ని గింజలు ఉత్తరీయం చెంగున మూటగట్టాను.

జవాను కుండను అరచేత్తో తుడిచి మర్యాదగా అందించాడు. "ఏమీ లేదు సార్, తీసుకెళ్ళండి."

పుదుచ్చేరి చక్కని ఊరు, వీధులు శుభ్రంగా ఉంటాయి, వెళ్ళిరండి. ఈ గింజలు ఎక్కడివని మద్రాసులో ఎవరైనా అడిగితే, చూపించడానికి నా దగ్గర ఉన్నది ఒక ఖాళీ కుండ.