నాలుగు నిమ్మకాయలతో కార్ల పందేనికి

ఇప్పటి కార్ల పందేలకు ఎత్తైన కంచెలున్నాయి. మా కాలంలో ఊరి రోడ్లు మూసేసి వాటి మీదే నడిపేవారు. శనివారం దాకా పాలవాడి సైకిలు తిరిగిన దారిలో ఆదివారం పొద్దున్నే పందెపు కార్లు ఉరుముకుంటూ పోయేవి. అలాంటి పందెం ఒకటి చూడటానికి మెర్డేకా, అంటే మలయాకు స్వాతంత్ర్యం, వచ్చిన మరుసటి ఏడు నేనూ, నాయనా కౌలాలంపూర్ వెళ్ళాం.

పందెంలో కారు నడిపేది మా తమ్ముడు అప్పన్న. నాయన హుటాన్ మెలింటాంగ్ దగ్గరి రబ్బరు ఎస్టేటులో గుమాస్తా. ఆయన తన ఆఫీసులో వేయించిన ఉద్యోగాన్ని కాలదన్ని అప్పన్న పట్నంలో మెకానిక్కుగా చేరాడు. అప్పటి నుంచి రెండేళ్ళుగా నాయన వాడితో మాట్లాడలేదు.

బయల్దేరేటప్పుడు అమ్మ నా సంచిలో నాలుగు నిమ్మకాయలు వేసింది. బండి కదిలే ముందు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించడం మా ఇళ్ళలో ఆచారం. “మీ నాయన సేతే ఎట్టించు. ఆయన సెయ్యి పడకుండా ఆడు పందేనికి ఎల్లకూడదు,” అంది. నాయన మాత్రం నాకు తోడుగా వస్తున్నానని అందరికీ చెప్పుకున్నారు. పిల్లలకు పాఠాలు చెప్పే టీచరమ్మకు తోడట!

శనివారం ఆరున్నరకు ఎస్టేటు గేటు దగ్గర లారీ ఎక్కాలి. అవి మలయాలో ఎమర్జెన్సీ రోజులు. అడవిలోని తిరుగుబాటువాళ్ళకు తిండి చేరకూడదని మెతుకైనా గేటు దాటనిచ్చేవారు కాదు. ఆ ఉత్తర్వును కూలీలకు తెలుగులో చదివి వినిపించింది నాయనే. అలాంటి మనిషి పక్కన నిలబడి ఉండగా, కాపలా కానిస్టేబుల్ యూసుఫ్ నా సంచిలో చెయ్యి పెట్టి నిమ్మకాయలు బయటికి తీశాడు. యూసుఫ్ మా ఎస్టేటు పిల్లలతో పెరిగినవాడు, మా తెలుగే మాట్లాడతాడు, మాట చివర మలాయ్ ‘లా’ తగిలించి.

“ఇదేటి టీచరమ్మా?”

“కారు సక్రాల కిందికి. తినడానికి కాదు.”

“తినేదే లా. రూలు రూలే.” బుట్టలో పడేసి, అంతలోనే ఆశగా అడిగాడు: “పందేనికా? గెలిస్తే నాకు సెప్పాల!”

నాయన ముఖం కందగడ్డయింది. “నా పరువు గేటులో తీసేసినావు,” అని గొణుగుతూ లారీ ఎక్కారు.

తెలుక్ ఆన్సన్‌లో, అంటే ఇప్పటి తెలుక్ ఇంటాన్‌లో, ఎనిమిదింటి రైలు పట్టుకున్నాం. ఆ చిన్న లైను ఇప్పుడు లేదు. తాపా రోడ్డు స్టేషనులో కాఫీ తాగి పెద్ద రైలెక్కాం. మూడో తరగతి, చెక్క బల్లలు. ఎదుటి తమిళ ముసలమ్మ మా ప్రయాణం సంగతి విని, “అంత జోరుగా పోయి మళ్ళీ బయల్దేరిన చోటికే వస్తారా? ఎందుకమ్మా?” అని తమిళంలో అడిగింది.

“నేనూ అదే అడుగుతున్నాను,” అని నాయన నవ్వారు. గేటు దాటాక అదే మొదటి నవ్వు.

మూడు దాటాక కౌలాలంపూర్‌లో దిగి, స్టేషనుకెదురుగా ఒక భోజనశాల మేడ మీద గదులు తీసుకున్నాం. సాయంత్రం నాయన “అలా తిరిగొస్తాను” అని వెళ్ళి ఉబ్బెత్తు చొక్కా జేబుతో వచ్చారు.

ఆదివారం పదింటికి పందెం. చెరువు తోట చుట్టూ రోడ్లకు రెండు పక్కలా ఇసక బస్తాలు, వాటి వెనక జనం. పొడుగు మూతి ఆకుపచ్చ కార్లు, ఎర్ర కార్లు, దొరలు, చీనా షావుకార్ల కొడుకులు. వాళ్ళ మధ్యన మా అప్పన్న! ఎవరో గుద్ది పారేసిన స్పోర్ట్స్ కారును వాడు బాగుచేసుకుని తెచ్చాడు. నాయన తిన్నగా వెళ్ళి, వాడి ముఖం చూడకుండా, జేబులోంచి నాలుగు నిమ్మకాయలు తీసి చక్రం దగ్గర వంగారు.

“వద్దు నాయనా! రసం తగిల్తే సక్రం జారిపోద్ది. ఇక్కడ ఒప్పుకోరు.”

నాయన కాయలు జేబులో వేసుకుని వెనక్కి వచ్చేశారు. రెండేళ్ళకు వంగిన మనిషి, వంగి ఉత్త చేతులతో లేచాడు. నా ప్రాణం ఉసూరుమంది. “ఎల్లొస్తాను నాయనా,” అన్నాడు వాడు. నాయన అటు తిరిగి గొడుగు విప్పుకున్నారు.

జెండా పడింది. ఆ మోత చెవికి కాదు, గుండెకి తగిలింది. కాలిన నూనె వాసన, దుమ్ము. అప్పన్న ఒక ఆకుపచ్చ కారును మలుపులో దాటేసరికి “ఓలమ్మో!” అని నేను గట్టిగా అరిచాను. నాయన గొడుగు పట్టుకుని కదలకుండా నిలబడ్డారు.

ఆఖరి చుట్టులో వాడి కారు ముందునుంచి ఆవిరి లేచింది. పందెం ముగిసే గీత కనిపిస్తుండగా, మా ఎదురుగానే, ఎత్తు ఎక్కుతూ ఆగిపోయింది. వాడు దిగి ఒంటరిగా తోయడం మొదలుపెట్టాడు. ఆగిన కారును నడిపేవాడే తోసుకోవాలి, బయటివాళ్ళు చెయ్యి వేస్తే పందెం లెక్కలోంచి పేరు కొట్టేస్తారు. ఆ నియమం బోర్డు మీద ఉంది. నాయన పొద్దున్నే దాన్ని చదివి నాకు వివరించారు కూడా.

కారు వెనక్కి జారింది. నాయన గొడుగు నా చేతిలో పెట్టి ఇసక బస్తాలు దాటారు.

“నాయనా, సెయ్యెయ్యొద్దు! పేరు కొట్టేస్తారు!”

“కొట్టేయనీరా. తొయ్యి.”

రెండేళ్ళ తర్వాత కొడుకుతో ఆయన అన్న మొదటి మాట అది. ఇద్దరూ కారును గీత దాటించారు. పేరు కొట్టేశారు. నేను అంతమందిలో సిగ్గు లేకుండా ఏడ్చాను.

మధ్యాహ్నం ఇంజను చల్లారాక నాయన మళ్ళీ జేబులో చెయ్యి పెట్టారు. “ఇప్పుడు జారినా ఫర్లేదు గదా?” అని నాలుగు చక్రాల కిందా కాయలు పెట్టారు. అప్పన్న నవ్వుతూనే కళ్ళు తుడుచుకుని వాటిని తొక్కించాడు.

సోమవారం పొద్దున అవే చెక్క బల్లల మీద తిరిగొచ్చాం. తర్వాత చాలా పందేలు చూశాను. ఆ రోజుల్ని బంగారు కాలం అంటే కార్ల జోరు వల్లనే అనుకుంటారు జనం. నాకు మాత్రం ఆ ఇసక బస్తాల వల్ల. మోకాలెత్తు బస్తాలు గనక ముసలాయన దాటగలిగాడు.

లారీ గేటు దగ్గర ఆగగానే యూసుఫ్ పరుగెత్తుకొచ్చాడు. “గెలిసినారా?”

“పేరు కొట్టేసినారు,” అన్నారు నాయన, తల ఎత్తుకుని. “నేనే రూలు తప్పినాను మరి.”