అమలమ్మ మట్టం చేసిన చక్రాల ఇల్లు

2002లో హనుమాన్ జంక్షన్ దగ్గర హైవేని వెడల్పు చేస్తున్న కంపెనీ, ఇంజనీరు పవన్‌కుమార్ ఉండటానికి చక్రాల మీద ఒక ఇల్లు తెప్పించింది. రేకుల గోడలు, రెండు గదులు, చిన్న వంటగది. ట్రాక్టరుతో లాక్కొచ్చి, గ్రావెల్ పోసి పొలాన్ని మెరక చేసిన చోట నిలబెట్టి, నాలుగు మూలలా ఉన్న ఇనప కాళ్లు దించి వెళ్లిపోయారు.

అందులో వంటకు కుదిరిన మనిషి అమలమ్మ. నలభై ఆరేళ్లుంటాయి. అంతకు ముందు ఇరవై రెండేళ్లు భర్త శౌరయ్య వెంట తాపీ పనికి వెళ్లింది. శౌరయ్య మేస్త్రీ. అమలమ్మ ఇటుకలు మోసేది, సిమెంటు మాలు అందించేది, గోడ మట్టం చూసేటప్పుడు నీళ్లు నింపిన ప్లాస్టిక్ గొట్టం రెండో కొస పట్టుకునేది. మోకాళ్లు అరిగాక డాక్టరు బరువులు మొయ్యొద్దన్నాడు. వంట బరువు పని కాదని ఇంట్లో అందరూ అనుకున్నారు.

మొదటి రోజు పెనం మీద ఆమ్లెట్ వేస్తే సొన నెమ్మదిగా కుడివైపుకు నడిచి అంచు దగ్గర ఆగింది. మర్నాడు ఇడ్లీలు ఒక పక్క బొద్దుగా, ఒక పక్క పల్చగా వచ్చాయి.

"ఇల్లు కుడివైపుకు ఒరిగింది సార్," అంది.

పవన్‌కుమార్ తన ప్లేటులో సాంబారు ఒక పక్కకు చేరడం చూస్తూనే, "స్టవ్ సరిగ్గా లేదేమో చూడండమ్మా," అన్నాడు.

ఆయనకు ముప్పై ఒకటో ఏడు. రోజంతా రోడ్డు మీద మట్టాలు చూడటమే పని. అర అంగుళం తేడా వస్తే వేసిన తారంతా పీకించేవాడు. ఇంటికొచ్చాక మాత్రం మంచం మీద గోడ వైపుకు జారుతూ పేపరు చదువుకునేవాడు.

ఇల్లు ఒరిగిందని వారం తర్వాత ఒప్పుకున్నాడు. రసమట్టం తెచ్చి నేల మీద పెడితే బుడగ ఎడమ చివరకు పోయి కూర్చుంది. ఆయన బయటికెళ్లి కుడివైపు ఇనప కాళ్లు రెండింటికీ మర తిప్పాడు. ఇల్లు లేచింది.

"కాళ్ల మీద ఎత్తకూడదేమో సార్. బరువు చక్రాలు మొయ్యాలి, కాళ్లు కదలకుండా పట్టుకోవాలి."

"మీకెలా తెలుసు?"

"నాకు తెలీదండీ. చూస్తే అలా ఉంది."

ఆగస్టులో మూడు రోజులు ముసురు పట్టింది. గ్రావెల్ కింద నల్లరేగడి మెత్తబడి, వెనక కుడికాలు మూరెడు దిగిపోయింది. ముందు కుడికాలు మాత్రం దిగలేదు. నాలుగో రోజు పొద్దున అమలమ్మ పాలు తీసుకుని వచ్చేసరికి ఇల్లు మెలితిరిగి, తలుపు బిగుసుకుపోయి ఉంది. పవన్‌కుమార్ లోపలున్నాడు.

"తలుపు రావట్లేదమ్మా," అన్నాడు కిటికీలోంచి.

"తొయ్యకండి, గడి విరుగుద్ది."

"పదింటికి మీటింగుంది."

"అయితే ముందు కాఫీ తాగండి. ఇవిగో పాలు."

కాఫీ కలపడం ఆయనకు రాదు. పొడి ఎంతో, పంచదార ఎంతో ఆవిడ కిటికీ బయట నిలబడి చెప్పింది.

ఈలోగా కంపెనీ లారీల మెకానిక్ మదార్ సాహెబ్ జాకీ, గునపం పట్టుకొచ్చాడు. ఆయనది భవానీపురం. మాటకన్నా ముందు గునపం ఎత్తే మనిషి.

"తలుపు ఊడగొట్టేద్దాం," అన్నాడు.

"వద్దు సాహెబ్ గారూ. చక్రాలకి రెండు పక్కలా రాళ్లు పెట్టి, కాళ్లు నాలుగూ పైకి తీసెయ్యండి. ముందు కుడిదే తియ్యండి."

"కాళ్లు తీస్తే ఇల్లు పడిపోద్ది అమలమ్మా!"

"చక్రాలున్నాయిగా."

సాహెబ్ కిటికీ వంక చూశాడు. పవన్‌కుమార్ కాఫీ ఒక గుక్క తాగి, "ఆవిడ చెప్పినట్టు చెయ్యండి," అన్నాడు.

ముందు కుడికాలు పది చుట్లు వదులు చేసేసరికి ఇల్లు కిర్రుమంటూ చక్రాల మీదికి సర్దుకుంది. తలుపు దానంతటదే నాలుగు వేళ్ల మేర తెరుచుకుంది. ఇంజనీరు గ్లాసుతో సహా దిగాడు.

ఆపైన అంతా అమలమ్మే చెప్పింది. జాకీ కింద సెంట్రింగ్ చెక్క వేయించి ఇరుసు ఎత్తించింది. కుడి చక్రాల కిందికి చెక్కలు తోయించింది. సైటు నుంచి నీళ్ల గొట్టం తెప్పించి, ఒక కొస తను ఎడమ మూల దగ్గర పట్టుకుంది.

"ఆ కొస మీరు పట్టుకోండి సార్. నీళ్లు ఆగేదాకా కదపొద్దు."

ఆయన బురదలో నిలబడి పట్టుకున్నాడు. పక్కలు సరిపోయాక ముందూ వెనకా చూసి, చివర్న కాళ్ల కింద మందపాటి చెక్కలు వేయించింది. "ఆనితే చాలు, ఎత్తొద్దు," అని సాహెబ్‌కి రెండుసార్లు చెప్పింది. మీటింగుకి పవన్‌కుమార్ మోకాళ్ల దాకా బురదతో పదకొండింటికి వెళ్లాడు.

ఇరవై రెండేళ్లలో ఏ గోడ మట్టం గురించీ అమలమ్మను ఎవరూ అడగలేదు. ఆ రోజు బాగా అనిపించింది. మొహంలో కనపడనివ్వలేదు.

ఇంట్లో చెబితే శౌరయ్య నమ్మలేదు. "రెండో కొసకి పనేముంటది, ఊరికే పట్టుకోడమేగా," అన్నాడు.

"ఇవాళ అది ఇంజనీరు గారు పట్టుకున్నారు," అంది.

తర్వాత రెండేళ్లలో రోడ్డుతో పాటు ఆ ఇల్లు ఐదు చోట్లకు మారింది. అమలమ్మ వచ్చేదాకా ట్రాక్టరు డ్రైవరు కొక్కెం విప్పేవాడు కాదు. రిజిస్టర్లో మాత్రం ఆవిడ పని వంట అనే రాసేవారు. రోడ్డు పూర్తయ్యాక ఇల్లు ఒరిస్సా వెళ్లింది. పవన్‌కుమార్ రమ్మన్నాడు. మోకాళ్లు ఒప్పుకోవని చెప్పి, జంక్షన్లో ఆడపిల్లల హాస్టల్‌ వంటకు కుదిరింది.

ఆ వానాకాలం హాస్టల్ ఆఫీసుకి ఫోనొచ్చింది.

"అమలమ్మా, ఇక్కడ ఒక మూల దిగుతోంది," అన్నాడు పవన్‌కుమార్.

"అక్కడ మట్టి ఎలాంటిదండీ?"

ఆయనకు వెంటనే తెలియలేదు. "ఒక్క నిమిషం," అని చూసి రావడానికి వెళ్లాడు. అమలమ్మ ఫోను పట్టుకుని నిలబడింది.