ఎర్విన్ గారి పేరు వెతుక్కుంటూ కాన్‌బెర్రాకు

కాన్‌బెర్రాకు జనం పార్లమెంటు చూడటానికో, వసంతంలో పూలు చూడటానికో వెళ్తారు. తొంభై ఒకటిలో నేను ఒక పుస్తకం చూడటానికి వెళ్లాను. అప్పుడు సిడ్నీ పడమటి శివార్లలో ఒక వృద్ధాశ్రమంలో నర్సుగా పనిచేసేదాన్ని. అక్కడ ఎర్విన్ అనే ఎనభై ఆరేళ్ల జర్మన్ పెద్దాయన ఉండేవారు. హిట్లర్ రాకముందు బెర్లిన్‌లో సినిమాలు ఎడిట్ చేశారట. యూదుడు కావడంతో పారిపోయి వచ్చి, ఇక్కడ ముప్పై ఏళ్లు బిస్కెట్ల ఫ్యాక్టరీలో పనిచేశారు. నా అన్నవాళ్లు లేరు. జర్మన్ సినిమా మనుషులందరి వివరాలతో పెద్ద గ్రంథం ఒకటి వస్తోందని, విడి కాగితాలుగా అచ్చవుతూ ఫైళ్లలో చేరుతూ ఉంటుందని ఆయన రేడియోలో విన్నారు. "నాలుగు సినిమాలు కోశాను సిస్టర్. నా పేరుందేమో చూసి వస్తావా?" అని అడిగారు. సినిమాల పేర్లు చెబితే రాసుకున్నాను. ఫోన్లు చేసి కనుక్కుంటే ఆ గ్రంథం కాన్‌బెర్రాలోని పెద్ద లైబ్రరీలో మాత్రమే ఉందని తెలిసింది. గుండె బాగా బలహీనపడింది, ఇక వారాలే అని డాక్టరు అప్పటికే చెప్పాడు.

గురువారం నా సెలవు రోజు. సెంట్రల్ స్టేషన్ దగ్గర ఉదయం ఏడింటికి బస్సెక్కాను. రానూపోనూ టికెట్టు అప్పట్లో నలభై డాలర్ల లోపే. గోల్‌బర్న్‌లో టీకి ఇరవై నిమిషాలు ఆపారు. పుస్తకం కోసం వెళ్తున్నానంటే డ్రైవరు, "సిడ్నీలో లైబ్రరీలే లేనట్టు" అని నవ్వాడు. పదకొండున్నరకు దిగేసరికి రెడ్డి అంకుల్ కారుతో సిద్ధంగా ఉన్నారు. వరంగల్ ఆయన, స్నేహితురాలి ద్వారా పరిచయం. చదువు జర్మనీలో సాగింది కాబట్టి భాష వచ్చు.

"ఎవరమ్మా ఆయన, మీ చుట్టమా?"

"పేషెంట్ అంకుల్."

"పేషెంట్ కోసం డే ఆఫ్ పెట్టుకుని ఇంత దూరం వచ్చినవా?" అన్నారు. కారు లైబ్రరీ వైపు తిప్పారు.

అడిగిన అరగంటకు లైబ్రరీ వాళ్లు లావుపాటి ఫైళ్లు తెచ్చి బల్ల మీద పెట్టారు. ఎర్విన్ గారి ఇంటిపేరు ఉండాల్సిన చోట ఆయన కాగితం లేదు. ఆ నాలుగు సినిమాల దర్శకుల కాగితాలు తీశాం. అంకుల్ వేలితో ఒక్కో వరుసే చదివారు.

"రెండింటికి ఎడిటర్ పేరే వెయ్యలేదమ్మా. తక్కిన రెండింటికి ఎవరో కుర్ట్ అని ఉన్నది."

కుర్ట్ ఎవరో నాకు తెలుసు. ఎర్విన్ గారే చెప్పేవారు, ఆయనకు సహాయకుడు. ఆయన పారిపోయాక ఆ గదిలో, ఆ కుర్చీలో కూర్చున్నవాడు.

"అప్పట్ల యూదుల పేర్లు రీళ్లలోంచే తీసేసిన్రు," అన్నారు అంకుల్ కళ్లద్దాలు తీసి. "వీళ్లకు దొరికిన రికార్డు వీళ్లు రాసుకున్నరు. వీళ్ల మిస్టేక్ కాదు. మళ్లొకసారి చూద్దామా?"

మళ్లీ చూశాం. లేదు.

మూడున్నర బస్సులో వెనక్కి వస్తూ, ఆయనకు ఏం చెప్పాలా అన్న ఆలోచనతో కిటికీలోంచి ఏదీ చూడలేదు. అబద్ధం చెప్పాలనే నిర్ణయించుకున్నాను.

మర్నాడు ఉదయం మంచం పక్కన కూర్చుని, "ఉంది" అన్నాను. ఆయన ముఖం వెలిగింది. కాసేపటికి అడిగారు: "పుట్టిన ఊరు ఏమని వేశారు?"

"బెర్లిన్."

"నేను బెర్లిన్‌లో పుట్టలేదు సిస్టర్," అని మెల్లగా గోడవైపు తిరిగారు. ఏ ఊరో చెప్పలేదు. అడిగే ముఖం నాకు లేదు. ఆ తర్వాత మందులకు నోరు తెరిచేవారు, మాటకు కాదు. తొమ్మిదో రోజున పోయారు.

అంకుల్ చేత ఆ గ్రంథం సంపాదకులకు ఉత్తరం రాయించాను. మూడు నెలలకు మర్యాదగా జవాబొచ్చింది: తప్పక చేరుస్తాం, పుట్టిన తేదీ, ఊరు, పనికి సంబంధించిన కాగితాలేమైనా పంపండి అని. ఆశ్రమం ఫైల్లో పుట్టిన చోటు అన్న గడిలో జర్మనీ అని మాత్రమే ఉంది. తేదీ ఒక్కటే దొరికింది. ఆయన సామాను ఉన్న పెట్టెను ఆశ్రమం వాళ్లు అప్పటికే పారేశారు. ఆ గ్రంథానికి కొత్త కాగితాలు వస్తూనే ఉన్నాయి, వాటిలో చోటుకు కొదవ లేదు. అందులో రాయడానికి కావలసింది నా చేతికి అందేంత దూరంలో నెలలపాటు మంచం మీద ఉంది. నేను మాత్రం బస్సెక్కి వెళ్లి ఫైళ్లలో వెతికాను.

మీరూ ఇలా ఎవరి కోసమైనా లైబ్రరీకి బయలుదేరుతుంటే, ముందు రోజు ఆ మనిషి పక్కన కూర్చోండి. పుట్టిన ఊరు, తేదీ, పేరు అక్షరాలతో సహా రాసుకోండి. బస్సులు రోజూ ఉంటాయి.