వేరుశనగ తొక్కల్లో మాయమైన నికెల్

2023లో నేను కెనడాలోని వాన్ నగరంలో ఒక ప్లేటింగ్ ఫ్యాక్టరీలో వేస్ట్‌వాటర్ ల్యాబ్ చూసుకునేదాన్ని. ఇనుప భాగాలకు నికెల్ పూత వేశాక వాటిని కడిగిన నీరు మా దగ్గరకు వస్తుంది. యాసిడ్ కలిసిన ఆ నీటిలో నికెల్ కరిగి ఉంటుంది. మందులు వేసి, దాన్ని మడ్డిగా కిందికి దించి, టెస్ట్ చేశాకే సీవర్‌లోకి, అంటే ఊరి మురుగు కాలువలోకి, వదలాలి.

ఆ ఏడాది ఏ షిఫ్టులో చూసినా మన స్టూడెంట్లే. కరీంనగర్ అమ్మాయి శ్రావ్య కో-ఆప్ మీద, అంటే చదువులో భాగంగా చేసే ఉద్యోగం మీద, మా ల్యాబ్‌కు వచ్చింది. ఆమె ప్రాజెక్టు వేరుశనగ తొక్కలు. పొడి కొట్టి కాస్టిక్ సోడాలో నానబెడితే వాటికి లోహాన్ని పట్టుకునే గుణం పెరుగుతుంది. ఇలా పైపైన అంటుకోవడాన్నే అడ్సార్ప్షన్ అంటారు. ఆ పొడిని గాజు గొట్టంలో నింపి, పైనుంచి మా నీళ్లు పోసింది. కింద పట్టిన నీటిలో నికెల్ జాడే లేదు.

నాకు అక్కడే అనుమానం వచ్చింది. తొక్క ఎంత మంచిదైనా ఎంతో కొంత వదిలేస్తుంది. సీసాలు తారుమారయ్యాయా? కుళాయి నీళ్లు కలిశాయా? మర్నాడు ఆమెను ముట్టుకోనివ్వకుండా నేనే పోసి, నేనే పట్టాను. మళ్లీ సున్నా.

"నేనేమన్న కలిపిననుకుంటున్నరా ఆంటీ?" అని అడిగింది శ్రావ్య.

"నిన్ను కాదమ్మా, ఆ సున్నాని నమ్మలేకపోతున్నా" అన్నాను. అది సగమే నిజం.

భీమవరం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మా మేనేజర్ డేవిడ్ గారికి మాత్రం పట్టరాని సంతోషం.

"ఇంకా టెస్టులెందుకండీ? సోమవారం ఈ పొడి నింపిన పెద్ద డ్రమ్ము పెట్టి డైరెక్టుగా సీవర్‌కి కనెక్ట్ చేసేద్దాం. ఈ మందుల గోల వదిలిపోద్ది."

"నికెల్ ఎక్కడికి పోయిందో తెలియాలి కదండీ."

"తొక్కల్లోకి! ఏమ్మా, అంతేగా?"

శ్రావ్య కో-ఆప్ రిపోర్టు మీద సంతకం పెట్టాల్సింది ఆయనే. అయినా ఆమె ఇంకో ఖాళీ సీసా అందుకుంది.

"నాక్కూడా తెల్వాలె సార్. ఇంకోసారి చేస్త."

ఈసారి బయటికొచ్చిన నీటికి కూడా పీహెచ్ చూశాం. యాసిడ్‌గా లోపలికి వెళ్లిన నీరు సబ్బు నీళ్లలా క్షారమై వస్తోంది! తొక్కల్లో సోడా మిగిలిపోయింది. అలాంటి నీటిలో నికెల్ కరిగి ఉండలేదు. తొక్కకు అంటుకోకుండా, పొడి సందుల్లోనే మడ్డిగా ఆగిపోతోందన్నమాట.

ఆ సోడా అయిపోతే ఏమవుతుంది? అదే గొట్టంలో నీళ్లు పోస్తూనే ఉన్నాం. చాలాసేపు తేటగానే వచ్చాయి. తర్వాత ఒక్కసారిగా ఆకుపచ్చ రంగు దిగింది. టెస్ట్ చేస్తే, మేం పోసిన నీటిలో కన్నా ఎక్కువ నికెల్. ఆగిన మడ్డంతా యాసిడ్‌కి కరిగి కొట్టుకొచ్చింది.

శ్రావ్య చప్పున కుళాయి కట్టేసింది. "ఇది సీవర్లకు పోయేదా ఆంటీ?"

డేవిడ్ గారు వచ్చి ఆ ఫ్లాస్కును వెలుతురులో పెట్టి చూశారు. "డ్రమ్ము వద్దులెండి" అని మాత్రం అన్నారు.

శ్రావ్య పొడిని సోడా పూర్తిగా పోయేదాకా కడిగి మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి తొక్కలు నిజంగా పట్టుకున్నది సుమారు సగం. రిపోర్టులో ఆ సగాన్నే రాసింది, మొదటి సున్నా ఎలా వచ్చిందో కూడా రాసింది. డేవిడ్ గారు చదివి సంతకం పెట్టారు. మందులతో శుద్ధి చేశాక మిగిలే కాస్త నికెల్ కోసం, చివరి వడపోతగా ఆ తొక్కల్నే వాడుకున్నాం.

అప్పటి నుంచి ఎవరైనా లోహం పూర్తిగా పోయిందని చెబితే, ఆ మనిషిని అనుమానించను. ఆ లోహం ఇప్పుడు ఎక్కడుందో చూపించమంటాను.