నన్ను దొంగన్న అలారం

మా అన్నయ్య ఆస్పత్రిలో చివరిగా నాతో ఒక మాట అన్నాడు. అది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. అమ్మ అడిగింది, మావయ్య అడిగాడు, ప్రార్థన కూడికకి వచ్చినవాళ్లూ అడిగారు. అందరికీ తల అడ్డంగా ఊపాను. నేను మామూలుగానే తక్కువ మాట్లాడతాను కాబట్టి ఎవరూ రెట్టించలేదు.

దెయ్యాల మీద నాకు నమ్మకం లేదు. ఇలాంటివి చెప్పేవాళ్లంతా ముందు ఈ మాటే అంటారని తెలుసు. కానీ మా ఇంట్లో ఆ నమ్మకానికి చోటే లేదు. మేం చర్చికి వెళ్లేవాళ్లం. పోయినవాళ్లు ఎక్కడా తిరగరు, ప్రభువు పిలిచేదాకా నిద్రలో ఉంటారని వింటూ పెరిగాను. అన్నయ్య జ్ఞాపకార్థ కూడిక కార్డు మీద కూడా 'ప్రభువునందు నిద్రించెను' అనే వేయించాం. నేను ఒక స్కూల్లో లైబ్రరీ చూస్తాను. దెయ్యాల కథలు ఇష్టంగానే చదువుతాను. చదివి, లైటు ఆర్పి, హాయిగా పడుకుంటాను.

అన్నయ్య పోర్టులో కాంట్రాక్టు పని చేసేవాడు. వాడి ప్రాణమంతా ఒక టూరింగ్ బండి. ముందు గాలి అద్దం, వెనక రెండు పక్కలా సామాను పెట్టెలు. సెలవు దొరికితే అరకు, లంబసింగి, ఒడిశా ఘాట్లు. నన్ను ఒక్కసారి కూడా ఎక్కించుకోలేదు. పక్కనుంచి వెళ్తూ దాని మీద చెయ్యి ఆనించినా "సెయ్ తియ్యే, దొంగమొకందానా" అనేవాడు. మా వైపు ఆ తిట్టు ముద్దుకి కూడా తిడతారు. వాడిది ముద్దు కాదు. ఒకసారి నా డైరీ తీసుకెళ్లి, మెట్ల మీద కూర్చుని, స్నేహితులకి గట్టిగా చదివి వినిపించాడు. వాళ్ల నవ్వులు నాకు పైన గదిలోకి వినపడ్డాయి. ఆ తర్వాత మా ఇద్దరి మధ్యా అవసరానికి మించి మాటల్లేవు. చనిపోయాడు కదా అని మంచివాడని రాయలేను.

పచ్చకామెర్లు ముదిరి వాడు పోయాక, బండి నాకు కావాలనిపించింది. ప్రేమతో కాదు. వాడు చెయ్యి కూడా వెయ్యనివ్వని సీటు మీద కూర్చుని, వాడు తిరిగిన ఘాట్లన్నీ ఒక్కదాన్నే ఎక్కాలని. అమ్మకి తెలియకుండా స్నేహితురాలి దగ్గర గేర్ల బండి నేర్చుకున్నాను. అమ్మని ఒప్పించడమే మిగిలింది. "సంవత్సరం కూడిక అయ్యేదాకా బండి తియ్యకు" అంది అమ్మ. సరే అన్నాను.

మేం మల్కాపురంలో ఒక ఇంటి పై వాటాలో అద్దెకుంటాం. కింద ఇంటి ఓనరాంటీ ఉంటుంది. బండి కింద మెట్ల పక్కన పెడతాం. మా పేటలో దుమ్ము సంగతి ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. పొద్దున తుడిచిన కిటికీ మీద సాయంత్రానికి వేలితో పేరు రాయొచ్చు. పోర్టు బొగ్గు నుంచి లేచే నల్లటి, మెత్తటి దుమ్ము. కవరు కప్పితే ఉప్పుగాలికి లోపల చెమ్మ చేరి తుప్పు పడుతుందని అన్నయ్య బండికి కవరు వేసేవాడు కాదు. నేనూ వెయ్యలేదు.

ఒక ఉదయం స్కూలుకి దిగుతూ చూశాను. బండంతా దుమ్ము, నడిపేవాళ్లు కూర్చునే సీటు మాత్రం శుభ్రంగా ఉంది. రెండు హ్యాండిల్ పిడులూ శుభ్రం. ట్యాంకుకి అటూ ఇటూ, మోకాళ్లు ఆనే చోట దుమ్ము లేని రెండు మచ్చలు. హ్యాండిల్ లాక్ వేసే ఉంది. గేటు తాళం వేసే ఉంది.

పిల్లలెవరో ఎక్కి ఉంటారనుకుని తుడిచేశాను. మర్నాడు మళ్లీ అలాగే. మోకాళ్ల మచ్చలు నావైతే అంత ముందుకి రావు. నేను పొట్టి. పిల్లలవి అసలే కావు.

సబ్బవరం నుంచి మావయ్య వచ్చినప్పుడు అది ఆయన కంటపడింది. అన్నయ్య పోయినప్పటి నుంచీ బండి మీద ఆయనకి కన్ను.

"ఎవడో రోజూ ఎక్కి కూసుంటన్నాడు. రేపు తోసుకుని లగెత్తుతాడు. ఆడోళ్లే ఉన్న ఇంట్లో ఈ ఏనుగెందుకే అక్కా? నాను అట్టుకుపోతాను."

"అలారం పెట్టిస్తాను" అన్నాను. మావయ్య ముందు నేను ఎదురు చెప్పడం అదే మొదలు. ఆయన నన్ను కింద నుంచి పైకి చూసి నవ్వాడు.

"అబ్బో, గుంటకి నోరొచ్చినాది. సరే, ఆ అలారం సంగతేటో సూద్దాం. అప్పటికీ ఇదే తంతైతే బండి నాది."

అలారం పెట్టించాలా వద్దా అని నేనూ చాలా ఆలోచించాను. మా రోడ్డు మీద ఆయిల్ ట్యాంకర్లు పోతుంటే వంటింట్లో గ్లాసులు గలగలమంటాయి. ప్రతి ట్యాంకరుకీ అరిస్తే పేటంతా మా మీద పడుతుంది. ఓనరాంటీ ముందే మెట్ల దగ్గర కాచుకుంది.

"మా ఇంటి కింద ఆ కూతలేటి? పెట్టి సూడు! సామాన్లు రోడ్డు మీదుంటాయి."

పెట్టకపోతే బండి పోతుంది. పెట్టిస్తే ఇల్లు పోవచ్చు. ఆదివారం చర్చి నుంచి వచ్చాక పూర్ణా మార్కెట్ దగ్గర దుకాణం నుంచి అలారం బిగించే అతన్ని పిలిపించాను.

అతను సీటు కింద చిన్న నల్ల పెట్టె బిగించి, సీటు మీద చరిచాడు. చెవులు పగిలేలా అరిచింది. ట్యాంకర్లకి అరవకుండా దాని చురుకు తగ్గించాడు. రిమోట్ నొక్కి ఆపుచేసి, తనే ఎక్కి, కదిపి, దిగాడు. చప్పుడు లేదు. రిమోట్ నా చేతిలో పెట్టాడు.

"ఆపుచేసే ఉన్నాది. ఇప్పుడు మీరు ఎక్కి సూడండమ్మా."

నేను సీటు మీద చెయ్యి వేశాను. అరిచింది.

అతను రిమోట్ తీసుకుని మళ్లీ నొక్కాడు, తను ఎక్కాడు. నిశ్శబ్దం. నేను వేలు ఆనించాను. అరిచింది. "కొత్తది గదమ్మా, సర్దుకుంటాది" అని వెళ్లిపోయాడు.

సర్దుకోలేదు. ట్యాంకర్లు పోయాయి, అరవలేదు. ఓనరాంటీ పంతానికి ఉతికిన బట్టల బకెట్టు తెచ్చి ధన్‌మని సీటు మీద పెట్టింది. అరవలేదు. రోజూ పొద్దున దుమ్ములో ఆ కూర్చున్న గుర్తు ఉంటూనే ఉంది. అప్పుడూ అరవలేదు. నేను ముట్టుకుంటే మాత్రం, ఆన్‌లో ఉన్నా ఆఫ్‌లో ఉన్నా, అరిచేది.

"ఊరందర్నీ ఒగ్గేసి ఇంటిపిల్లనే దొంగంటన్నాది" అని ఓనరాంటీ పకపకా నవ్వింది. అంతవరకూ నాకు ఆ ఆలోచన రాలేదు.

ఒక మధ్యాహ్నం అమ్మ కిందకి దిగింది. తన చెయ్యి సీటు మీద పెట్టింది. చప్పుడు లేదు. నా మణికట్టు పట్టుకుని, నా చెయ్యి తీసి తన చెయ్యి మీద పెట్టింది. నా చర్మం బండికి తగలనే లేదు. అయినా అరిచింది. అమ్మ చటుక్కున చెయ్యి లాక్కుంది, బండి మీద నుంచి కాదు, నా చేతి కింద నుంచి.

"ఏటి సేసేవే ఆడికి?" అంది.

ఏమీ చెయ్యలేదు. ఆ రోజు నుంచి అమ్మ నాకు కంచం పెట్టి పక్క గదిలోకి వెళ్లిపోయేది.

బండి నాకు దక్కాలంటే అలారం పోవాలనుకున్నాను. అతన్నే మళ్లీ పిలిచి విప్పించాను. వైర్లు కత్తిరించి, పెట్టె నా చేతికిచ్చాడు. దాన్ని పైకి తీసుకెళ్లి వంటింటి అరలో, బియ్యం డబ్బా పక్కన పెట్టి కిందకి వచ్చాను. అతను ఇంకా పనిముట్లు సర్దుకుంటున్నాడు. నేను బండి పిడి పట్టుకుని, కాలు పైకెత్తి, మొదటిసారి ఆ సీటు మీద కూర్చున్నాను.

పైన వంటింట్లో అలారం అరిచింది. దాని వెంటే అమ్మ కేక.

దిగాను. ఆగింది.

"లోపల సిన్న బ్యాటరీ ఉంటాదమ్మా, భయపడకండి" అంటూ అతను పైకి పరుగెత్తి, పెట్టె తెచ్చి, మెట్ల మీదే స్క్రూలు విప్పాడు. లోపల బ్యాటరీ లేదు. ఉండే చోటు కూడా లేదు. కాసేపు దాన్ని తిప్పి తిప్పి చూశాడు. తర్వాత నా వైపు చూడకుండా సంచిలో వేసుకుని వెళ్లిపోయాడు.

తర్వాతి ఆదివారం మావయ్య బండి తీసుకుపోయాడు. తాళం నా చేతి నుంచి అమ్మ తీసుకుని ఆయనకిచ్చింది. ఒక్క కిక్కుకి స్టార్టయింది. ఇప్పుడది సబ్బవరంలో ఉంది, ఏ ఇబ్బందీ లేదంటాడు. అక్కడ మా నల్ల దుమ్ము పడదు కాబట్టి, దాని మీద ఎవరు కూర్చుంటున్నారో తెలిసే దారి కూడా లేదు.

కారణాలు వెతికాను. సీటు మీద పిల్లి పడుకుని ఉండొచ్చు. రిమోట్ పాడై ఉండొచ్చు. అలారం లోపల ఏదో కాస్త కరెంటు నిలవ ఉండి ఉండొచ్చు. ఒక్కొక్కటీ ఒక్కో దానికి సరిపోతుంది, అన్నిటికీ ఏదీ సరిపోదు. పోయినవాళ్లు నిద్రలోనే ఉంటారని ఇప్పటికీ నమ్ముతున్నాను. ఇది ఏమిటో మాత్రం చెప్పలేను.

ఇక ఆ మాట. ఆస్పత్రిలో చేర్చినప్పుడు వాడి జేబులోని బండి తాళం నర్సు నాకే ఇచ్చింది. చివరి సాయంత్రం అమ్మ ఫ్లాస్కు పట్టుకుని టీకి వెళ్లింది. వాడు కళ్లు తెరిచి, నా గుప్పిట్లో తాళం చూసి, పిలిచాడు. పసుపు పచ్చటి కళ్లు. నవ్వాడో, పళ్లు బిగించాడో తెలియలేదు. మా భాషలో ఆ మాటని అనుమతిగానూ అనొచ్చు, బెదిరింపుగానూ అనొచ్చు. రెండింటికీ అవే అక్షరాలు. వాడు ఏ గొంతుతో అన్నాడో ఎంత గుర్తు చేసుకున్నా తేలడం లేదు.

"దొంగమొకందానా, నాను పోయాక నా బండి ఎక్కి సూడే."