టీ చల్లారేదాకా

కాలేజీకి సిద్ధమయ్యే పిల్లలకు దారి ఎలా చూపాలో నేను హైస్కూలు టీచర్లకు నేర్పుతాను. అనంతపురంలో మా శిక్షణకు వచ్చేవాళ్లందరికీ ఒకటే జబ్బు. పిల్లలను ప్రశ్న అడుగుతారు, జవాబూ తామే చెప్పేస్తారు. వాళ్లననేం లాభం, మా సీమలో పెద్దవాళ్లు మాట్లాడుతుంటే పిల్లలు నోరు విప్పరు. అందుకే ఒక నియమం పెట్టాను. ఎదురుగా టీ పెట్టుకుని ప్రశ్న అడగాలి. ఆ టీ చల్లారేదాకా కిక్కురుమనకూడదు.

రాయదుర్గం నుంచి వచ్చిన ఒక ముస్లిం టీచరమ్మకు ఈ నియమం అస్సలు ఒంటబట్టలేదు. ఇంట్లో అందరికన్నా పెద్దదట, తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ చెప్పీ చెప్పీ అలవాటైపోయింది. "ఊరికే కూచుంటే నాలుక దురద పెడతాందక్కా" అనేది. నేను కోప్పడితే నా టీ కూడా లాక్కుని తాగేసేది. తిడుతూనే ప్రేమించాల్సిన మనిషి.

శిక్షణ ముగిసిన కొన్నాళ్లకు ఫోన్ చేసింది. "అక్కా, ఈడొక పాప ఉండాది. ఇంటర్ అయిపాయ. లెక్కలంటే ప్రాణం. వాళ్ల నాయన జీన్సు కుట్టేదానికి కూచోబెడతాండాడు. సీటుకి రేపే ఆఖరు. నువ్వొస్తే బాగుంటాది."

వెళ్లాను. పాప వాళ్లింటి ముందుగదిలో తండ్రి కుట్టుమిషను, దాని పక్కనే కూతురికోసం తెచ్చిన కొత్తది. చాప మీద కూర్చున్నాం. తల్లి టీలు తెచ్చింది.

"ఏం పాపా, నువ్వేం జేయల్లనుకుంటాండావ్?" అని అడిగి టీచరమ్మ ఊరుకుంది. నిజంగానే ఊరుకుంది.

పిల్ల తండ్రి వైపు చూసింది. తండ్రి కత్తెర వైపు చూశాడు. ఆ నిశ్శబ్దం నావల్ల కాలేదు. "అది కాదయ్యా..." అని మొదలుపెట్టానో లేదో, టీచరమ్మ నా మోకాలి మీద ఒక్క గిల్లు గిల్లింది. అంత నేర్పినందుకు నాకు దక్కిన గురుదక్షిణ అది. నోరు మూసుకున్నాను.

టీ మీద మీగడ కట్టింది.

"అనంతపురం హాస్టల్లో ఉండి లెక్కలు సదువుకుంటా నాయనా" అంది పిల్ల, తల ఎత్తకుండానే.

తండ్రి కత్తెరను పక్కకు జరిపాడు. "మా నాయన నన్నొక్కతూరి ఇట్ల అడిగింటే..." అని ఆగిపోయాడు.

"అడిగింటే ఏం జెప్పేటోనివన్నా?" అంది టీచరమ్మ. అని, మళ్లీ ఊరుకుంది.

"గుంతకల్లులో రైలింజను నడపల్లని ఉండె."

ఆ మాట ఆ ఇంట్లో అంతకుముందు ఎవరూ విన్నట్టు లేదు. కూతురు నవ్వబోయి ఏడ్చేసింది.

ఆయన లేచి కొత్త మిషను మీద దుప్పటి కప్పాడు. వచ్చి కూతురి ఎదురుగా కూర్చున్నాడు.

"రేపు ఎన్ని గంటలకు పోదాం?" అని అడిగి, పిల్ల చెప్పేదాకా ఊరుకున్నాడు.